మాఫీ చేయని మా చిన్నవ్వ

పోయిన మంగళవారం పొద్దున కామారెడ్డిలో మా ఇంట్లో బియ్యం కడుగుతుంటే ఎల్లారెడ్డి నుంచి ఫోను వచ్చింది. చిన్నవ్వ పోయిందని ఆమె తమ్ముడి భార్య చెప్పింది. "తెల్లారంగ ఫజర్ నమాజు చేసి గోడకు ఒరిగి కూసున్నది. చాయ్ తీస్కపోయి పిలిస్తే పలకలే" అంది. జబ్బుపడ్డ అక్కను చూసుకోవడానికి చిన్నవ్వ ఇంగ్లండ్ నుంచి వచ్చి నెల కూడా కాలేదు. అక్క లేచి తిరుగుతోంది. చూడవచ్చిన చెల్లెలు వెళ్లిపోయింది.

బస్సెక్కి కూర్చున్నాక ఫోను తెరిచాను. ఇంగ్లండ్‌లో మేమున్న ఊళ్లోని తెలుగువాళ్ల గ్రూపులో, అక్కడ ఇంకా తెల్లవారకముందే, చేతులు జోడించిన బొమ్మలు వరుసకట్టాయి. "మన తెలుగు ఆడపడుచుకు నివాళి" అని ఒకరు రాశారు. ఆమె బతికుండగా ఆమెను మన మనిషి అనడానికి వాళ్లలో ఒక్కరికీ నోరు రాలేదు. నాకూ రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా వైపు చిన్నవ్వ అంటే పిన్ని. కానీ ఈమె నాకు చుట్టం కాదు. వాళ్లు దూదేకులవాళ్లు. తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన ఇల్లు. మతానికి ముస్లింలు, ఇంట్లో మాట మాత్రం తెలుగే. భర్తకు ఇంగ్లండ్‌లో ఒక హోటల్ వంటగదిలో పని దొరికితే ఆయన వెంట వెళ్లింది. ఆయన పోయాక, ఒక్క కూతురు వేరే ఊరికి వెళ్లాక కూడా ఒక బడిలో వంట చేస్తూ అక్కడే ఉండిపోయింది. నేను ఆ ఊరికి ముసలివాళ్ల ఆశ్రమంలో పనికి వెళ్లాను.

ఆమెను మొదటిసారి చూసింది బస్సులో. నూలు చీర మీద లావు కోటు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు, చెవి దగ్గర ఫోను. ముందు సీటులోని తెల్లాయన వెనక్కి తిరిగి, ఈ దేశంలో ఉంటే ఇంగ్లీషులో మాట్లాడమని గద్దించాడు. ఆమె ఫోను దించి, అచ్చ తెలుగులో అతని మీదికి లేచింది.

"నేను మా అక్కతోని మాట్లాడుతున్న. ఆమెకు ఇంగ్లీషు రాదు. నువ్వు నేర్పుతవా? బస్సు నీ అయ్య జాగీరా?"

నేను ఒక్కదాన్నే పక్కున నవ్వాను. ఆమె నావైపు తిరిగి, "ఎవరి పిల్లవే? ఏ ఊరు?" అని అడిగింది.

"కామారెడ్డి, ఆంటీ."

"మాది ఎల్లారెడ్డి. ఆంటీ ఏంది మధ్యల? చిన్నవ్వా అను."

అప్పటినుంచి చిన్నవ్వే. వారానికొకసారి వాళ్లింట్లో నాకు అన్నం పెట్టేది. పెట్టినంతసేపూ తిట్టేది. తల వంచుకుని నడుస్తానని, ఎవరేమన్నా సారీ అంటానని తిట్టు. "మనం ఏం తప్పు చేసినమే? నడుము నిలబెట్టి నడువు" అనేది. మెత్తటి మాట ఆమె నోట నేనెన్నడూ వినలేదు.

పక్కింటి ముసలాయన ఆమె పలకరింపుకు ఏనాడూ బదులివ్వలేదు. అయినా ప్రతి రంజాన్‌కూ గిన్నెడు సేమ్యా షీర్ ఖుర్మా ఆయన గోడ మీద పెట్టి వచ్చేది. మర్నాడు తలుపు దబదబా బాది గిన్నె తెచ్చుకునేది. "తినకుంటె తినకపోయె. గిన్నె నాది" అనేది.

మసీదులోనూ ఆమెకు సుఖం లేదు. అక్కడికి లాహోరు వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు, సోమాలియా వాళ్లు, బోస్నియా వాళ్లు వచ్చేవాళ్లు. ఒక్కొక్కరిది ఒక్కో కట్టు, ఒక్కో వంట. అన్ని రకాలకూ చోటున్న ఆ గదిలో చీర కట్టి, భర్త పోయినా నల్లపూసలు తీయని మా చిన్నవ్వ మాత్రం కొందరి కంట్లో నలుసైంది. "నల్లపూసలు హిందువులవి, తీసెయ్" అని ఒకామె అందరి ముందూ అందట. ఉర్దూ కూడా సరిగా రాదని నవ్వారట.

ఈ సంగతి నాకు చెబుతూ చిన్నవ్వ కూర గిన్నెలో గరిటె గట్టిగా కొట్టింది. "మా అవ్వ మెడల ఇవే ఉండె. ఐదు పూటల నమాజు ఒక్కనాడు ఇడ్వలే ఆమె. నేను దువా తెలుగులనే అడుగుత. అల్లాకు తెలుగు రాదా?"

ఇక నా సంగతి. తెలుగువాళ్ల సంఘం ఒక హాలులో బతుకమ్మ పెట్టింది. నేనే ఆమెను రమ్మన్నాను. చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో తమ వాడకట్టు ఆడపిల్లలతో కలిసి ఆడేదట. దొరికిన పూలన్నీ కొనుక్కుని, పొద్దుటినుంచీ కూర్చుని పళ్లెంలో పేర్చుకుని వచ్చింది. ఆమె పేరు విన్న సంఘం పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది.

"ఆమె ముస్లిమా? పూజ దగ్గరికి ఎందుకు తీసుకొచ్చారు? మీకేమవుతుంది?"

"నాకు పెద్దగా తెలియదండీ. బస్సులో పరిచయం, అంతే" అన్నాను.

మూడేళ్లు ఆమె చేతి అన్నం తిన్న నోటితో ఆ మాట అన్నాను. వెనక్కి తిరిగేసరికి చిన్నవ్వ అక్కడే నిలబడి ఉంది. పళ్లెం కుర్చీ మీద పెట్టి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

నాలుగు నెలలు నా ఫోను ఎత్తలేదు. బస్సులో ఎదురుపడితే కిటికీలోంచి బయటికి చూసేది.

ఒకరోజు మధ్యాహ్నం ఊళ్లో వలసవాళ్ల మీద గొడవ లేచింది. మసీదు మీదికి గుంపు వస్తోందని, తొందరగా ఇళ్లకు పొమ్మని ఆశ్రమంలో చెప్పారు. బస్సులు ఆగిపోయాయి. నేను బస్టాపులో ఒక్కదాన్నే. ఇంగ్లండ్ జెండాలు కప్పుకున్న నలుగురు రోడ్డు దాటి నావైపు వచ్చారు. ముస్లింలను తిట్టే బూతుమాటతో నన్ను తిట్టారు. ఒకడు నా కాళ్ల ముందు ఉమ్మాడు. నేను ముస్లింను కాను అని అరవాలనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి జరిగి బస్టాపు బల్లకు ఆనుకున్నాను. వాళ్లు నవ్వుకుంటూ ముందుకు పోయారు.

అప్పుడు ఫోను మోగింది.

"ఏడున్నవ్?" చిన్నవ్వ గొంతు.

"బస్టాపుల, చిన్నవ్వా."

"అక్కడ్నే ఉండు. కదిలితే కాళ్లిరగ్గొడ్త."

కాసేపటికి ఒక కారు వచ్చి ఆగింది. నడుపుతున్నది ఆమె స్నేహితురాలైన సోమాలియా ఆమె. పక్కన చిన్నవ్వ. నేను వెనక కూర్చున్నాను. ఆ నలుగురి సంగతి చెప్పాను. కొంత దూరం పోయాక చిన్నవ్వ తల తిప్పకుండానే అడిగింది.

"నువ్వు తుర్కదానివి కాదని వాళ్లకు చెప్పినవా?"

"చెప్పలే. చెప్పాలనుకున్న."

"చెప్పినా ఇనకపోయెటోళ్లు" అంది.

వాళ్లింటి ముందు కిటికీ పగిలి ఉంది. అద్దం పెంకులు సోఫా మీద, చాప మీద. ఇల్లు అట్లా వదిలేసి ఆమె నాకోసం వచ్చింది. నేను ఏడుస్తూ ఆమె చేతులు పట్టుకుని మాఫీ చేయమన్నాను. ఆమె చేతులు విడిపించుకుంది.

"మాఫీ సంగతి తర్వాత సూద్దాం. ముందుగాల చీపురు వట్టు."

ఆ తర్వాత మళ్లీ మాట్లాడింది, మళ్లీ అన్నం పెట్టింది, మళ్లీ తిట్టింది. కానీ మాఫీ చేసినట్టు ఎన్నడూ అనలేదు. ఎన్నిసార్లు పిలిచినా నా గది గడప తొక్కలేదు. నేను కామారెడ్డికి తిరిగి వచ్చేసేనాడు కూడా గుమ్మం బయటే నిలబడి ఆవకాయ సీసా అందించి వెళ్లిపోయింది.

ఎల్లారెడ్డిలో నేను దిగేసరికి ఆమెకు స్నానం చేయించి తెల్లటి కఫన్ బట్ట కప్పారు. ముఖం మాత్రం కనిపిస్తోంది. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ముడత అలాగే ఉంది. ఎవరినో తిట్టబోయి ఆగినట్టు ఉంది. ఆమె అక్క నన్ను దగ్గరికి పిలిచి ముఖంలోకి చూసింది.

"బతుకమ్మ కాడ ఎరుకలేదన్న పిల్లవు నువ్వేనా?"

అవునన్నాను.

"నీ ముచ్చట ఎప్పుడు చెప్పినా కోపంతోనే చెప్తుండె. ఆ కోపం పోలే బిడ్డా. అబద్ధమెందుకు చెప్పాలె? పరాయోళ్ల మీద గంత కోపం ఉండదు" అంది.

మధ్యాహ్నం జొహర్ నమాజు వేళకు మగవాళ్లు జనాజా పాడె ఎత్తుకుని వెళ్లారు. వాకిట్లో ఆడవాళ్లం మిగిలాం. అంతలో ఇంగ్లండ్ నుంచి చిన్నవ్వ కూతురు వీడియో ఫోను చేసింది. మధ్యాహ్నానికల్లా మట్టి అంటే రాలేకపోయిన ఆ పిల్ల పక్కన సోమాలియా ఆమె ఉంది. అక్కడ పొద్దుటి వెలుగు. ఆ సోమాలియా ఆమె తన భాషలోనే ఏదో చెబుతూ వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ భాష ఈ వాకిట్లో ఎవరికీ తెలియదు. చిన్నవ్వ అక్క ఫోను రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత కొంగుతో ఫోను అద్దం మీద, ఏడుస్తున్న ఆమె కళ్లున్న చోట, మెల్లగా తుడవడం మొదలుపెట్టింది.