కొవ్వు పంపే కబురు

మొన్న ఉదయం సింగపూర్‌లో మా ఇంటికి దగ్గరి పుంగ్గోల్ నీటి ఒడ్డున నడుస్తుంటే కాలు మడతపడింది. బెంచీ మీద కూర్చుని చీలమండను అరచేత్తో పట్టుకున్నాను. చర్మం అప్పటికే ఉడుకెక్కింది, కింద మెత్తగా ఏదో పొంగుతోంది. ఆ వేడి చేతికి తగలగానే డాక్టర్ వసుంధర గారు గుర్తొచ్చారు. "వాపు అంటే సాయం వచ్చిందని అర్థం" అనేవారు ఆవిడ. "వచ్చిన సాయం పని ముగించుకుని వెళ్ళిపోతే మంచిదే. వెళ్ళకుండా అక్కడే కూర్చుంటేనే జబ్బు."

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజుల్లో కాకినాడ నుంచి సింగపూర్ వచ్చి బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసేదాన్ని. ఆ జోరు ఒక్కసారిగా తగ్గి మా ప్రాజెక్టు మూతపడింది. అప్పుడు దొరికింది వసుంధర గారి పరిశోధనశాలలో పని: మైక్రోస్కోపు ఫొటోల్లోని కణాలను గుర్తించే ప్రోగ్రాం రాయడం. ఆవిడ కడప మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఊబకాయం వచ్చినప్పుడు కొవ్వులో ఏం జరుగుతుందన్నదే ఆవిడ పరిశోధనంతా. నేనేమో చిన్నప్పటినుంచీ లావుపాటి మనిషిని. ఆ గదిలో నన్ను నేనే ఒక నమూనాలా చూసుకుంటూ, కుర్చీ చప్పుడు కాకుండా కూర్చునేదాన్ని.

చేరిన కొత్తలో ఒక ఫొటో చూపించారు. సబ్బు నురగలా గుండ్రటి కొవ్వు కణాలు. వాటిలో ఒకదాని చుట్టూ గోధుమరంగు చుక్కలు దడి కట్టినట్టు మూగి ఉన్నాయి.

"ఈ మధ్యలోది చచ్చిపోయిన కణం. ఉబ్బి ఉబ్బి, ఊపిరాడక పోయింది. చుట్టూ ఉన్నవి దాన్ని శుభ్రం చెయ్యడానికి వచ్చిన తెల్లకణాలు, కనపడాలని గోధుమరంగు వేసినాం. కానీ అట్లాంటి చావులు ఆగవు, ఇవి ఇంటికి పోవు. కూర్చున్నచోటి నుంచి ప్రమాదం, ప్రమాదం అని రక్తంలోకి కబురు పంపుతానే ఉంటాయి. ఆ గోలలో కండకీ కాలేయానికీ ఇన్సులిన్ చెప్పే మాట సరిగ్గా వినపడదు."

నేను తెర వంక చూస్తూనే అడిగేశాను. "మేడమ్, నాలోనూ ఇలాగే ఉంటుందాండీ?"

ఆవిడ తడుముకోలేదు. "ఉండొచ్చు, లేకపోవచ్చు. నిన్ను చూసి నేను చెప్పలేను అమ్మాయ్. ఎవరూ చెప్పలేరు. పరీక్ష చేయించుకున్నావా?"

చేయించుకోలేదు. అంతకుముందు ఒకసారి ఒళ్ళు తూలుతోందని యీషున్‌లో మా ఫ్లాటు దగ్గరి క్లినిక్‌కి వెళ్తే, అక్కడి డాక్టరు నాడి కూడా పట్టుకోకుండా "మకాన్ తగ్గించాలి లా" అని, అంటే తిండి తగ్గించమని, నవ్వి పంపించేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఈ సంగతి చెబితే వసుంధర గారు నవ్వలేదు, జాలి పడలేదు. ఆ శనివారం నాతోపాటు వేరే క్లినిక్‌కి వచ్చి పక్కన కూర్చున్నారు. షుగరని తేలింది. బయటికొచ్చాక నేను ఏడుస్తుంటే, ఏడుపు తగ్గేదాకా ఆగి అన్నారు: "తిండి సంగతి అబద్ధమని నేను అనను. నడవాల, తగ్గించాల, మందు వేసుకోవాల. కానీ ఇది నీకు పడిన శిక్ష అని మాత్రం అనుకోవద్దు. శిక్ష అనుకునేవాళ్ళు మందు సరిగ్గా వేసుకోరు."

ఆ మరుసటి ఏడు ఎలుకల్లో ఆ కబుర్లలో ఒకదాన్ని ఆపి చూశారు. బరువు తగ్గలేదు, చక్కెర మాత్రం తగ్గింది. నా ప్రోగ్రాం కూడా గోధుమ చుక్కలు తగ్గాయనే చెప్పింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, సంతోషంతో. ఇక నాకూ మందు వచ్చేస్తుందనుకున్నాను. ప్రచార విభాగం కుర్రాడు వెంటనే ఒక పోస్టరు తయారుచేసి తెచ్చాడు. దాని మీద తల లేకుండా మెడ వరకే చూపించిన ఒక లావుపాటి మనిషి, ముందుకొచ్చిన పొట్టతో.

వసుంధర గారు దాన్ని బల్ల మీద పెట్టి ఇంగ్లీషులో మెల్లగా అడిగారు, "ఈ మనిషి ముఖం ఏదీ?"

"ఎవరో గుర్తుపడితే ఇబ్బంది కదా మేడమ్."

"సిగ్గుపడేలా చూపిస్తే కదా ఇబ్బంది. తీసెయ్యి. ఆ వార్త కూడా ఆపు, మేమింకా రెండోసారి చూడలేదు."

రెండోసారి చూస్తే చక్కెర తగ్గలేదు. మళ్ళీ చేసినా అంతే. ఒక దారి మూస్తే శరీరం ఇంకో దారిలో కబురు పంపుతోందేమోనని ఆవిడ అనుమానం. రుజువు మాత్రం లేదు. మొదటి ఫలితం వచ్చిన సంతోషంలో మేం విందుకు పిలిచినవాళ్ళందరికీ ఆవిడే ఫోన్ చేసి, మా ఫలితం నిలబడలేదని చెప్పారు. నేను కుప్పకూలిపోయాను. ఆవిడ మాత్రం నా దగ్గరికొచ్చి, "ఎలుకల కోసం నీ నడక ఆపినావా ఏమి?" అన్నారు. నిజంగానే ఆపేశాను. ఆ సాయంత్రం ఇద్దరం స్టేషన్ దాకా నడిచే వెళ్ళాం.

తర్వాత ఆవిడ కడప వెళ్ళిపోయారు. చాలా ఏళ్ళకు నాకు మాత్రలు చాలక ఇక్కడి డాక్టరు ఇన్సులిన్ రాసిచ్చాడు. వసుంధర గారికి ఫోన్ చేసి, "ఇన్నాళ్ళూ చేసిందంతా వృథా అయిపోయిందండీ" అన్నాను.

ఆవిడ అడిగారు: "నీ కళ్ళు బాగున్నాయా?"

"బాగున్నాయండీ."

"కిడ్నీలు?"

"బాగానే ఉన్నాయన్నారు."

"మరి వృథా ఏమైంది? మందు మారింది, అంతే. పోయి అన్నం తిను."

ఆవిడ పోయిన వార్త ఆ తర్వాతి వేసవిలో తెలిసింది. ఆవిడ వెతికిన మందు ఇంకా రాలేదు. నేనింకా లావుగానే ఉన్నాను. కానీ ఆసుపత్రిలో నర్సు బరువెంతని అడిగితే, చుట్టూ ఎవరున్నా సరే, గొంతు తగ్గించకుండా చెబుతాను.