అతకని పోగు

గంజి వాసన నాకు ఇప్పటికీ కోపం వాసనే. వనపర్తిలో మా ఇంటి బీరువా తెరిచి, పోయిన నెల పెద్దమ్మ ఇచ్చిన పాత నూలు చీర మడత విప్పితే చాలు, గద్వాలలో మేమున్న నేతవాళ్ల వీధి మొత్తం ముక్కుకు తగులుతుంది. వాకిట్లో నిలువు దారాలుగా చాచిన పడుగులకు పట్టించిన గంజి, వానకు నానిన మట్టి గోడలు, అమ్మ కాల్చే జొన్నరొట్టెలు, వీటన్నిటి నడుమ పొద్దు పొడిచింది మొదలు ఆగకుండా మోగే మగ్గాలు.

మా నడిమింట్లో గుంట మగ్గం ఉండేది. గుంటలోకి కాళ్లు దించి నాయిన నేస్తుంటే, నేను నూలు చుట్టే ఖాళీ కండెలతో బండ్లు కట్టి ఆడుకునేవాణ్ణి. గోడకు అవతల పెదనాయన మగ్గం. అన్నదమ్ములిద్దరూ పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు విని ఒకరి వేగాన్ని ఒకరు పసిగట్టేవాళ్లు. ఆ పోటీ పెదనాయనలో అసూయగా ముదిరింది. నాయిన అంచుకు నాసిరకం పట్టు వేస్తున్నాడని, మాకు నూలిచ్చి చీరలు నేయించుకునే సావుకారు చెవిలో వేశాడు. అది అబద్ధం. సావుకారు మాకు పడుగు ఇవ్వడం మానేశాడు, అది విని మిగతా సావుకార్లూ మానేశారు. నెల తిరక్కముందే మా గుంటలో కోళ్లు గుడ్లు పెట్టాయి. నాయిన పత్తి మిల్లులో బస్తాలు మోయడానికి పోయాడు. సాయంత్రాలు అమ్మ ఆయన భుజానికి నూనె రాస్తుంటే గోడవతల మగ్గం మోగేది. ఒక్కో దెబ్బా మా నాయిన వీపు మీద పడుతున్నట్టే ఉండేది నాకు. అప్పుడు నాకు పదకొండేళ్లు.

ఆ ఎండాకాలమే పెదనాయన ప్రార్థనలకు పోవడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం కృష్ణలో బాప్తిస్మం తీసుకుని, తల తడి ఆరకముందే మా గడప ముందుకొచ్చి, తను చెప్పింది అబద్ధమని అందరూ వినేలా ఒప్పుకున్నాడు. సావుకారు దగ్గరికీ పోయి చెప్పాడట. ఆయన నవ్వి, ఆ పడుగులు ఎప్పుడో వేరేవాళ్లకు ఇచ్చానన్నాడట. నాయిన పెదనాయనకు చెంబెడు నీళ్లిచ్చి లోపలికి పోయాడు. నేను మాత్రం పళ్లు కొరికాను. ఆయన కొత్తగా పుట్టాడట. మరి మా మగ్గం?

సద్దుల బతుకమ్మ నాడు వీధి వీధంతా తంగేడు పూలతో చెరువుకు కదిలింది. పెదనాయన, పెద్దమ్మ ప్రార్థనకు పోయారు. నోట్లో రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద తీపి పోకముందే, నాయిన చీర కోసే బ్లేడు తీసుకుని వాళ్లింట్లో దూరి, మగ్గం మీది పడుగును ఈ అంచు నుంచి ఆ అంచుకు కోసేశాను. వేల పోగులు ఒక్కసారి వాలిపోయాయి. అంత సంతోషం నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు, ఇది సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మర్నాటి నుంచి పెదనాయన వేలికి బూడిద అద్దుకుని, తెగిన కొసలను ఒక్కొక్కటిగా మెలేసి అతకసాగాడు. చూడొచ్చిన ఎదురింటాయన నవ్వాడు.

"నీ దేవుడు గీ పోగులు గూడ అతుకుతడా యేంది?"

"నన్నే అతికిండు, గివెంత," అన్నాడు పెదనాయన, తల ఎత్తకుండా.

మూడో రోజు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. "జర సూడు బిడ్డా, ఎంత సాఫుగ కోసిండో. అతికెటందుకు రెండు దిక్కుల జానెడు ఇడిసిండు. బయటోడైతే గిట్ల కోయడు. మగ్గం ఇంట్ల పుట్టినోడే గిట్ల కోస్తడు."

పగబట్టిన నా చెయ్యి కూడా అలవాటు మరవలేదు. ఆయన ఒక్క పోగు రెండు కొసలూ నా వేళ్ల ముందుకు తెచ్చాడు.

"దేవుడు నేను అడగకముందే నన్ను ప్రేమించిండు రా. నేనేం జేయాలె మరి? నా శాతనైంది గిది. ఈ ఒక్కటి నువ్వు అతుకు."

"నా పని గాదు," అని లేచి వచ్చేశాను. కొట్టి ఉంటే తేలికయ్యేది. క్షమించి నన్ను ఓడించాడనిపించింది.

అతుకుల వరుస పడిన ఆ చీరను సావుకారు తీసుకోలేదు. పెద్దమ్మే ప్రతి ఆదివారం దాన్ని కట్టుకుని ప్రార్థనకు పోయేది, వెనక నుంచి ఆ వరుసను చూసి నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. పెద్దయ్యాకా పగ తీరలేదు. పెదనాయన గద్వాల దవాఖానలో ఆఖరి రోజుల్లో ఉండి, ఒక్కసారి చూసిపొమ్మని కబురు పంపితే, వనపర్తిలో బస్సెక్కడానికి నాకు తీరిక లేదని చెప్పించాను. బ్లేడుతో చేసినదానికంటే అది పెద్ద కోత.

ఆ కోత నన్ను ఏళ్ల తరబడి తొలిచి, పోయిన నెల నేనూ అదే నదిలో బాప్తిస్మానికి మునిగి లేచాను. అటునుంచి అటే, తల తడితోనే, పెద్దమ్మ గడప ముందు నిలబడి చేసినవన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు. పెట్టె తెరిచి ఈ చీర నా చేతిలో పెట్టింది.

"మీ పెదనాయన అన్నీ అతికిండు గని ఒక్కటి ఇడిసిండు. అది వాని పోగు, వాడే వస్తడు అన్నడు."

ఇప్పుడు ఆ వీధిలో నాడె చప్పుడు లేదు. మా గుంటను పూడ్చి బండలు పరిచారు. నాయిన లేడు, పెదనాయన లేడు. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడూ గోడవతల దెబ్బ ఇంకా వినిపిస్తుంది. అప్పుడు చీరను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుంటాను. అతుకుల వరుస దాటాక పైట కొస దాకా ఒక్క పోగు మందాన సన్నని ఖాళీ. ఆ ఖాళీ మొదలైన చోట బెత్తెడు దారం వేలాడుతుంటుంది. ఇన్నేళ్లు ఉతికి ఆరేస్తూ కూడా పెద్దమ్మ దాన్ని తెంపలేదు.