జర్మనీ బండికి లేని మీటరు

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మోపెడ్ అనే మాట ఎవరూ వాడేవారు కాదు. ఇంజను సైకిలు అనేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో అలాంటిది ఒకటి మా వీధిలోకి వచ్చింది. తెచ్చినవాడు వీధి చివర పత్తి గింజలు తీసే జిన్ను మిల్లు నడిపే సావుకారు. ఆయన గురించి మంచి మాట ఒకటైనా రాద్దామని ఈ ఉదయం నా పాత డైరీలన్నీ తిరగేశాను. ఆయన గొడుగు బాగుండేదని ఒకచోట ఉంది. అంతకు మించి ఏమీ దొరకలేదు.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. యుద్ధంలో ఓడి చితికిపోయిన జర్మనీలో, కారు కొనలేని కూలీల కోసం, గుమాస్తాల కోసం పుట్టిన బండి అది. సైకిలుకు ఉన్నట్టే పెడళ్లు ఉంటాయి. ముందుకు తొక్కితే ఇంజను అంటుకుంటుంది, వెనక్కి తొక్కితే వెనక చక్రానికి బ్రేకు పడుతుంది. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. ఎత్తు రోడ్డు వస్తే మనమే పెడలు తొక్కి ఇంజనుకు సాయం చేయాలి. మొదటి రకానికి రెండే గేర్లు. వెనక స్ప్రింగులు లేవు, మెరుపులు లేవు. జనం కొంటున్న కొద్దీ కంపెనీ ఒక్కో రకం దించుతూ పోయింది. ఒకదానికి ట్యాంకు పక్కల తళతళలాడే పూత పూసి, లైటు మీద వేగం చూపే మీటరు పెట్టింది. ఇంకొకదానికి వెనక స్ప్రింగులు, కాళ్లకు బురద తగలకుండా రేకులు. మరొకదానికి మూడో గేరు. చివరికి మోకాళ్ల మధ్యకు పెద్ద ట్యాంకు తెచ్చి పందెపు మోటారు సైకిలు వేషం కట్టింది, పెడళ్లను మాత్రం దాచలేకపోయింది. ఇన్ని వేషాల్లోనూ లోపలి ఇంజను దాదాపు ఒకటే. జర్మనీవాళ్లు కోలుకుని కార్లు కొనుక్కోవడం మొదలుపెట్టాక ఆ బండ్లన్నీ మూలపడ్డాయి.

మా సావుకారు కొన్నది మొదటి రకం. ఆకుపచ్చ రంగుది, సాదాది. కూలివాడి కోసం చేసిన ఆ బండి మీద ఆయన రాజుగారిలా ఊరేగేవాడు. పెడలు తొక్కడం తన స్థాయికి తక్కువ కాబట్టి జిన్ను గుమాస్తా బండిని స్టాండు మీద నిలబెట్టి, చెమటలు కారేలా తొక్కి ఇంజను అంటించేవాడు. అది పొగ కక్కడం మొదలుపెట్టాక సావుకారు పంచె సర్దుకుని ఎక్కేవాడు. జమ్మలమడుగుకు అరగంటలో పోతానని చెప్పుకునేవాడు. దారిలో ఎత్తు వచ్చినప్పుడల్లా ఆయన పంచె ఎగ్గట్టి పెడలు తొక్కుతుండగా బస్సులోవాళ్లు చూసేవారు. చూసినవాళ్లే ఊళ్లోకి వచ్చి, అరగంటేనా సావుకారూ అని ఆశ్చర్యపోయేవారు. ఆయన కంటే నాకు వాళ్లంటేనే ఎక్కువ రోత.

మా పక్కింట్లో ఉంటూ, దాని ముందరి గది అద్దెకు తీసుకుని సైకిలు షాపు నడిపేవాడు ఒక సాయిబు మామ. మామా అని పిలవడమే గాని చుట్టరికం లేదు. మా అమ్మ ఊరగాయ జాడీ వాళ్లింటికీ వెళ్లేది, వాళ్ల పండగ సేమ్యా మా ఇంటికీ వచ్చేది. ఇంజను సైకిలును విప్పి మళ్లీ బిగించగలిగినవాడు ఊళ్లో ఆయన ఒక్కడే. బడి వదలగానే నేను ఆ షాపు అరుగు మీదే ఉండేదాన్ని, ఆకలైతే వాళ్లింట్లోనే తినేదాన్ని. సావుకారు బండితో పాటు ఒక రంగుల పుస్తకం వచ్చింది. అందులో అప్పటికి వచ్చిన ఆ కంపెనీ రకాలన్నీ బొమ్మలుగా ఉండేవి. ఆరో క్లాసులో ఇంగ్లీషు అక్షరాలు నేర్చినదాన్ని నేనే కాబట్టి నా చేత చదివించుకోవడానికి ఆ పుస్తకాన్ని సాయిబు మామ షాపులో ఉంచాడు. నాకు చదవడం ఎంత వచ్చేదో తెలియదుగాని, లైటు మీద గుండ్రటి మీటరు ఉన్న ఆ మెరుపుల బండి బొమ్మను మాత్రం రోజూ చూసేదాన్ని.

అలా ఉండగా ఒక ఆదివారం పులివెందుల నుంచి ఆస్బెస్టాస్ అనే రాతినార గనుల కాంట్రాక్టరు ఒకాయన బంగారం కొనడానికి వచ్చాడు. లారీలో తన బండి కూడా తెచ్చి దింపించుకున్నాడు. అదే కంపెనీది, మెరుపుల రకం, మీటరుతో సహా. రెండు బండ్లను పక్కపక్కన నిలబెట్టారు. వీధి వీధంతా మూగింది. కాంట్రాక్టరు సావుకారు బండి చుట్టూ ఒకసారి తిరిగి నవ్వాడు.

“ఏం సావుకారూ, జమ్మలమడుగుకు అరగంట అంటాండావంట. నీ బండికి మీటరే లేదే, యాడ చూసి చెప్తాండావు?”

బండి అమ్మిన మద్రాసు ఏజెంటు సావుకారు దగ్గర మెరుపుల బండి డబ్బు తీసుకుని సాదా బండి అంటగట్టాడని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో సావుకారుకు అది అర్థమై ఉంటుంది. అంతమంది ముందు మోసపోయానని చెప్పుకోవడం కంటే ఇంకొకణ్ణి దొంగను చేయడమే ఆయనకు తేలిక అనిపించింది.

“మీటరు లేకేమప్పా? ఉండె. మొన్న రిపేరికిస్తే ఆ సాయిబు పీకేసుకున్యాడు.”

పొగగొట్టంలో పేరుకున్న మసి తీయడానికి బండి రెండు రోజులు షాపులో ఉన్నమాట నిజమే. ఆ రెండు రోజుల మీద అబద్ధం చక్కగా కూర్చుంది. సాయంత్రానికల్లా ఆ మీటరును వీధిలో సగం మంది చూసి ఉన్నారు. ఆరు నెలలుగా ఆ బండి వాళ్ల కళ్ల ముందే తిరిగింది. లేని వస్తువు ఒక్క పూటలో అంతమందికి గుర్తుకు రావడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు కోర్టులో సాక్షులు చెప్పింది టైపు చేసే ఉద్యోగం చేశాను, అయినా చూడలేదు.

మరునాడు పొద్దున సావుకారు బండి తోయించుకుంటూ నలుగురు పెద్దలతో షాపు ముందుకు వచ్చాడు. షాపు గది సావుకారు బావమరిదిది. దొంగ అని తేలితే గది ఖాళీ చేయాలి. గది పోతే ఇంకోటి దొరుకుతుందేమో. దొంగ అనే పేరు పడ్డవాడికి ఆ ఊళ్లో ఎవరూ బండి అప్పగించరు. సాయిబు మామ భార్య తలుపు సందున నిలబడి ఉంది. లోపల వాళ్ల ముగ్గురు పిల్లలు. నేను అరుగు మీద పలక, సుద్దముక్క పెట్టుకుని కూర్చున్నాను.

పెద్దల్లో తలపండిన ఒకాయన అందరినీ అడిగాడు. ఎదురింటి దర్జీ ముందుకొచ్చి, “నేను కండ్లారా చూసినా. ముల్లు గడగడా వణుకుతాండె” అన్నాడు. జిన్ను గుమాస్తా తానూ చూశానన్నాడు, ఉద్యోగం కాబట్టి. అప్పుడు ఆ పెద్దాయన కళ్లు నా మీద పడ్డాయి.

“ఏం పాపా, నువ్వు దినామూ ఈడే ఉంటావు గదా. మీటరు ఉండెనా, లేదా?”

అంతమంది నావైపు చూడటం అదే మొదటిసారి. నా కళ్లలో ఆ గుండ్రటి మీటరు స్పష్టంగా కనిపించింది. “ఉండె తాతా” అన్నాను.

సాయిబు మామ నావైపు ఒకసారి చూశాడు. కోపం లేదు. నట్టు ఎక్కడ జారిపోయిందా అని నేల మీద వెతికేటప్పుడు ఆయన చూపు అలాగే ఉండేది. తర్వాత చేతులు గుడ్డకు తుడుచుకుని అరుగు దిగాడు.

“ఇంతమంది చూసినామంటాండారు, నేనొక్కన్నే లేదంటే ఏం బాగుంటాది? మీటరు నేనే తెప్పించి బిగిస్తా. యాడ ఉండెనో మాత్రం గీత కొట్టి చూపించండప్పా, సరిగ్గా ఆడనే పెడతా.”

నా పక్కనున్న సుద్దముక్క తీసి ముందు దర్జీ చేతిలో పెట్టాడు. దర్జీ హ్యాండిలు కుడిపక్క గీత కొట్టాడు. గుమాస్తా దాన్ని లాక్కుని ఎడమపక్క గీత కొట్టాడు.

“కుడిపక్క గదప్పా ఉండేది!” అన్నాడు దర్జీ.

“కుడేదో ఎడమేదో తెలీకనే గదా నా చొక్కాకు జేబు తిప్పి కుట్టినావు” అన్నాడు గుమాస్తా.

జనం నవ్వారు. సావుకారుకు నవ్వు రాలేదు. ముందు రోజు కాంట్రాక్టరు బండిలో చూసింది తలచుకుని, లైటు ముందు అంచున గీత కొట్టాడు. ఆయన కొట్టాక సుద్దముక్క నా దగ్గరికి వచ్చింది. సాయిబు మామే తెచ్చి ఇచ్చాడు. నేను బొమ్మలో ఉన్నట్టే లైటు నడినెత్తిన చేయి పెట్టాను. సుద్ద తగిలింది నున్నటి ఆకుపచ్చ రంగుకు. అక్కడ బొక్క లేదు. బొక్క ఉన్న గుర్తూ లేదు. అప్పుడు తెలిసింది, నేను ఆ బండిని ఒక్కనాడూ చూడనేలేదని. అయినా నోరు విప్పే ధైర్యం రాక గీత కొట్టాను.

“నాలుగు మీటర్లు తేలినాయి” అన్నాడు సాయిబు మామ. “ఉండనీ. మీటరు ఊరికే తిరగదు సావుకారూ. ముందు చక్రం కాన్నుంచి తీగ పైకి రావల్ల. ఆ తీగ చక్రంలో యాడ దూరెనో అది గూడా చూపించు.”

పెద్దాయనే గొంతుక్కూర్చుని చక్రం నడిమధ్య భాగాన్ని వేలితో చుట్టూ తడిమాడు. తర్వాత లేచి లైటు తడిమాడు.

“యాడా బొక్క లేదే.”

“పూడ్చినాడేమో” అన్నాడు సావుకారు.

“పూడ్చి, మళ్లీ జర్మనీకి పంపిచ్చి రంగేయించినాడా?” అన్నాడు పెద్దాయన.

ఈసారి వీధంతా నవ్వింది. సావుకారు మొహం నల్లబడింది. “అయితే ఆ మద్రాసోడే నన్ను మోసం చేసినాడు” అన్నాడు, అదేదో అప్పుడే కనిపెట్టినట్టు. దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని అనలేదు. తప్పైందని అనలేదు. గుమాస్తాను కసిరి, బండి అక్కడే వదిలేసి నడుచుకుంటూ పోయాడు. దర్జీ మధ్యాహ్నానికే, “నేనప్పుడే అనుకున్యా, సావుకారు మాట నమ్మకూడదని” అని చెప్పుకు తిరిగాడు. ఆ వణికిన ముల్లు ఏమైందని ఎవరూ అడగలేదు.

జనం వెళ్లిపోయాక నేను తడిగుడ్డ తీసుకుని గీతలన్నీ తుడవబోయాను. సాయిబు మామ నా చేయి ఆపాడు.

“మూడు నేను తుడుస్తాలే. నీది నువ్వు తుడువు.”

తుడిచాను. ఏడుపు వచ్చింది. ఆయన ఓదార్చలేదు, మందలించనూ లేదు. ఏం చూసి ఉందన్నావమ్మా అని మాత్రం అడిగాడు. పుస్తకంలో బొమ్మ అని చెప్పాను.

“బొమ్మను చూస్తే బొమ్మను చూసినా అని చెప్పల్ల” అన్నాడు. అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ వారమే ఆయన నాకొక పని అప్పగించాడు. రిపేరుకు ఏ ఇంజను సైకిలు వచ్చినా దాని మీద ఉన్నదీ లేనిదీ చూసి, చేత్తో తాకి, నోటుబుక్కులో రాయాలి. రాసింది బండి ఇచ్చినవాళ్లకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. సావుకారు తర్వాతి పదేళ్లలో ఆ కంపెనీ రకాలు ఒకటొకటిగా కొన్నాడు. మీటరుది, స్ప్రింగులది, మూడు గేర్లది. ఒక్కటీ సుఖంగా నడపలేదు. ఒక్కో వేషం మారినప్పుడల్లా జనం నోళ్లు వెళ్లబెట్టేవారు. ఏ రకానికి ఏముందో, ఏం లేదో నాకు ఈనాటికీ తెలియడానికి కారణం ఆ నోటుబుక్కే. ఆ పచ్చ బండి అమ్ముడుపోయేదాకా ఎప్పుడు రిపేరుకు వచ్చినా, మీటరు లేదు అని నేను గట్టిగా చదివేదాన్ని. సావుకారు తలెత్తకుండా కింద సంతకం పెట్టేవాడు. అది చూసి నేను ఎంత సంతోషించానో కూడా డైరీలో ఉంది. దాచడం ఎందుకు?

సావుకారును నేను క్షమించలేదు. క్షమించమని ఆయన అడగనూ లేదు. కానీ ఆయన తన పరువు కాపాడుకోవడానికి అబద్ధమాడాడు. గుమాస్తా ఉద్యోగం కోసం ఆడాడు. నాకు ఏ అవసరమూ లేదు. పైగా, నా ఒక్క మాటతో రోడ్డున పడబోయింది నాకు అన్నం పెట్టిన ఇల్లు.

అందుకే ఇప్పటికీ రోజూ రాసేటప్పుడు చూసింది ఒక పక్క, విన్నది ఇంకో పక్క రాస్తాను. ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. బండ్ల పట్టీలన్నిటికీ ముందు, మొదటి పేజీలో, ఆరో క్లాసు చేతిరాతతో రెండు వాక్యాలు ఉన్నాయి. ‘లైటు మీద బొక్క లేదు. నేను మీటరు ఉందని చెప్పినాను.’ కింద సంతకం నాది.