సీసాలో చేపలు, బావిలో పురుగులు

పందొమ్మిది వందల యాభైలలో కమలాపురం దగ్గర ఒక పల్లె బడిలో నేను సైన్సు అయ్యవారిని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఎండాకాలం మొదట్లో తనిఖీ అధికారి వచ్చి నా పాఠం వింటారని కబురందింది. ఆయన మెచ్చుకుంటే ఉంటాను, లేకుంటే మూట కట్టుకుంటాను.

ప్రాణులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఎట్లా బతుకుతాయో చెప్పాలనుకున్నాను. నల్లబల్ల మీద బొమ్మ అందరూ గీస్తారు. నేను కళ్లెదుట చూపించాలి. నేను అద్దెకున్న ఇంటామెకు కొట్టు ఉండేది. పిప్పరమెంట్లు పోసే గాజు సీసా ఒకటి అడిగి తీసుకున్నాను. వాళ్లు నీసు ముట్టని వాళ్లు. అందులో ఏం వేస్తావని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

చేపలు కావాలి. ఏరు ఎండిపోయింది. దూరాన ఒక మడుగులో నీళ్లున్నాయి కాని ఆ ఎండలో అంత దూరం ఎవరు నడుస్తారు? మా వీధిలోనే దిగుడు బావి ఉంది. చుట్టుపక్కల బావులు ఉప్పగా మారే ఆ రోజుల్లో వీధి మొత్తానికి తాగేందుకు అదొక్కటే దిక్కు. ఏటా పూడిక తీశాక ఏటి నుంచి చిన్న చేపలు తెచ్చి అందులో వదలడం వాళ్ల ఆనవాయితీ. మాంసం తినే రైతులు కూడా వాటి జోలికి పోరు. అది వట్టి మూఢనమ్మకమని నేను తేల్చేశాను.

వీధిలో ఎవరూ తిరగని ఒక మిట్టమధ్యాహ్నం మెట్లు దిగి, బొరుగులు చల్లి, పంచెతో దేవాను. నాలుగు చేపలు చాలు. సీసా నిండుగా కనపడాలని చిక్కినవన్నీ వేసుకొచ్చాను.

పాఠం బ్రహ్మాండంగా సాగింది. నాచును పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది. "ఈ గొలుసులో ఒక్క లంకె తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"అంతా చెడిపోతాది అయ్యోరా!" అని అరిచారు పిల్లలు.

అధికారి తల ఊపారు. నేనూ ఊపాను. ఉద్యోగం ఖాయమైంది. ఇరుకు సీసాలో చేపలు మర్నాటికే వెల్లకిలా తేలాయి. సీసా కడిగి ఇంటామెకు ఇచ్చేశాను.

కొన్నాళ్లకు ఇంటామె బిందె దించి నన్ను పిలిచింది. "ఏమప్పా అయ్యోరా, నీళ్లల్లో పురుగులు ఎగిరెగిరి పడతాండాయి. వడగట్టి వడగట్టి చేతులు పడిపోతాండాయి. శానా సదివినోడివి, యాడ్నుంచి వచ్చినాయో సెప్పు."

నేను దోమ గుడ్డు దగ్గర మొదలుపెట్టి దోమ రెక్కల దాకా వివరించాను. చేపల ఊసు మాత్రం ఎత్తలేదు.

ఆమె ఓపిగ్గా విని, "అదంతా సరేగాని, నా సీసా నీసు వాసన ఏంటికి కొడతాండాది?" అంది.

నేను సీసా అందుకుని మళ్లీ కడగబోయాను.

"వానలు పడేదాకా వీధంతా ఈ నీళ్లే తాగల్ల. పసిబిడ్డలుండారు" అని ఆమె బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

ఆ ఆదివారం తెల్లవారగానే బిందె నెత్తిన పెట్టుకుని మడుగుకు నడిచాను. అదే పంచెతో దేవాను. తిరిగొచ్చేసరికి సగం చేపలే బతికున్నాయి. బావి దగ్గర ఆడవాళ్లంతా నీళ్లు తోడడం మాని నన్నే చూస్తున్నారు.

"ఇవి బాయికేనా అప్పా, మళ్లా బడికా?" అంది ఇంటామె. అందరూ ఘొల్లుమన్నారు.

"బాయికే" అన్నాను.

మెల్లగా నీళ్లు తేటపడ్డాయి. వీధిలో ఒక్కొక్కరే వడగట్టడం మానేశారు. ఆమె మాత్రం, నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ, బిందె మూతికి కట్టిన గుడ్డ విప్పలేదు.