ఎగిరేవాడికి తోడు విద్య

ప్రకటన. గాలిలో ఎగరదలచినవారు, ఒంటిచేత్తో ఇళ్లు పైకెత్తదలచినవారు, గోడల అవతల ఏముందో చూడదలచినవారు ఇకమీదట మా ఊళ్లో ఆ పనులు నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. పంచె ఎందుకు ఊడలేదని గానీ, కంట్లో పురుగెందుకు పడలేదని గానీ అడిగేవారు లేరు. అడిగే మనిషి పోయాడు.

ఆయన మా బావ. మా అప్ప మొగుడు. పోయిన వారం కళ్లంలో గోగునార ఆరబెడుతూ, "కాసేపు కూకుంటానే" అని అప్పతో చెప్పి కూచున్నాడు. అంతే. ప్రశ్న వెయ్యకుండా ఆయన చేసిన పని జన్మలో అదొక్కటే.

చదువుకున్నవాళ్లు పోతే చదువుకున్నవాళ్లు రాస్తారు. బావకి సంతకం రాదు, నేను నాలుగో ఫారం దగ్గర చదువుకి దండం పెట్టేశాను. అందుకని ఈ పని నా నెత్తిన పడింది.

కోతలయ్యాక మా ఊరి పక్క మెట్టలో టూరింగ్ టాకీసు డేరా దిగేది. అసలు సినిమాకి ముందు డేరా షావుకారు ఓ బొమ్మల రీలు వేసేవాడు. గీసిన బొమ్మలు కదులుతాయే, ఆ రకం. మాటలు ఏ దేశానివో ఎవరికీ తెలీదు. అందులో ఓ బొద్దుమనిషి. ఎగురుతాడు, ఇల్లెత్తుతాడు, నోట్లోంచి నిప్పు ఊదుతాడు. షావుకారు దగ్గరున్నది ఆ ఒక్క రీలే. ఏటా అదే వేసేవాడు, ఊరు ఏటా అదే చూసి నోరు వెళ్లబెట్టేది. బావ ఒక్కడూ నోరు విప్పేవాడు.

"ఒరే బామ్మరిదీ, ఇల్లెత్తినాడు, బాగున్నాది. మరి ఇల్లు ఇరగలేదేటి?"

"బలమున్నాది కదా బావా."

"బలం ఆడికున్నాదిరా. ఇంటికున్నాదా? మొన్న మన పశువులపాక మూల పట్టి నానెత్తినాను. మూల సేతిలోకి వచ్చీసినాది, పాక అలగే ఉండిపోనాది. మీ అప్ప ఇంకా తిడతన్నాది. ఆడు ముట్టుకున్న ఇల్లు ముక్కలవకుండా ఒక్కటిగా అతుక్కుని ఉండాల. ఆ విద్య లేకపోతే ఎత్తే విద్య ఎందుకు?"

డేరా మొత్తం గొల్లుమంది. బావ నవ్వలేదు. ఆయనకి అది నవ్వులాట కాదు. పాక మూల పోయినవాడి బాధ.

అలాంటివాటికి ఆయనే పేరు పెట్టాడు, తోడు విద్యలని. బొద్దుమనిషి తాటిచెట్టంత పెరిగితే, "ఆడితోపాటు నిక్కరూ పెరిగినాది. అలాటి బట్ట పొందూరులో కూడా నెయ్యరు" అనేవాడు. గోడలోంచి చూస్తే, "గోడలోంచి సూసినోడికి కంటిరెప్ప ఓ లెక్కా? కళ్లు మూసినా కనబడతానే ఉంటాది. మరి నిద్రేలగ పడతాదిరా ఆడికి?" అని నిజంగా జాలిపడేవాడు. ఆ బొమ్మ మీద జాలిపడ్డ మనిషి భూమ్మీద ఇంకొకడు ఉండడు. నిప్పు ఊదే చోట మాత్రం పెదవి విరిచేవాడు. "ఇదేటి గొప్ప? మీ అప్ప అడ్డపొగ తాగతాది. సుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని నన్ను గంటసేపు తిడతాది. నాలిక కాలదు. అదీ విద్యంటే."

ఒకసారి నాతో అన్నాడు: "సప్పట్లన్నీ ఎగిరినోడికేరా. దిగినప్పుడు కాళ్లు ఇరక్కుండా సూసుకున్నదేదో దాన్ని ఎవడూ పలకరించడు." అని, ఎవరో ఒకరు పలకరించాలి కదా అన్నట్టు బొద్దుమనిషి దిగినప్పుడల్లా రెండు చప్పట్లు కొట్టేవాడు. ఎగిరినప్పుడు కొట్టేవాడు కాదు.

రీలుతో ఆగి ఉంటే బాగుండేది. ఓ ఏడు అసలు సినిమాలో, పిల్లాణ్ని పోగొట్టుకున్న తల్లి వానలో ఏడుస్తోంది. ఆడవాళ్లు కొంగులు సిద్ధం చేసుకున్నారు. బావ గొంతు లేచింది.

"అంత వానలో నుదుట బొట్టు కరగలేదు. ఏ కొట్లో కొన్నావే తల్లీ?"

ఏడవడానికి టిక్కెట్టు కొన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ తరవాత, ఏడుపు పోగొట్టుకున్నందుకు బావని తిట్టారు. ఆట అవగానే షావుకారు వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, నీకో దండం. ఏడుపుకాడ జనం నవ్వితే నా డేరా ఏటైపోతాది? రేపటి నుంచి రావొద్దు."

"బొమ్మల రీలు వరకూ సూసి ఎల్లిపోతాను."

"వొద్దంటే వొద్దు."

బావ ఇంటిదారి పట్టాడు. పొలం, పశువులు, అప్ప తిట్లు, వీటి మధ్య ఆయనకని ఉన్నది ఏడాదికోసారి వచ్చే ఆ బొద్దుమనిషి ఒక్కడే. మర్నాటి నుంచి సాయంత్రమైతే గుమ్మంలో కూచుని అప్ప చేసే పనులకి తోడు విద్యలు అడగడం మొదలెట్టాడు. సలసల కాగే గంజి వారుస్తావు, చెయ్యెందుకు కాలదే అన్నాడట. అప్ప నా దగ్గరికి వచ్చింది.

"ఒరే, మీ బావని డేరాలోకి తోలీ. నేదంటే గంజి ఈసారి ఆయన మీదే వారుస్తాను."

ఆకతాయి పనుల్లో నాకు ఊళ్లో పేరుంది. అప్ప చీర తెచ్చి బావకి కట్టాను. ముసుగేశాను, మీసం మీదికి కొంగు లాగాను. నడక నేర్పడానికే మధ్యాహ్నమంతా పోయింది. ఆడవాళ్ల వైపు, వెనక వరసలో కూచోబెట్టి నేను మగవాళ్ల వైపు చేరాను. రీలు మొదలైంది. బొద్దుమనిషి ఆకాశంలోకి లేచాడు, మబ్బులు దాటాడు. ముసుగు కదిలింది.

"అంత పైన సలెయ్యదేటి ఆడికి!"

బయట గుంజ దగ్గర చీరలో నిలబడి, షావుకారు తిట్లన్నీ విన్నాక బావ నాకు నిదానంగా చెప్పాడు. "సీర కట్టడం పెద్ద విద్యేరా. బాగా కట్టినావు. నోరు మూసుకోడం దానికి తోడు విద్య. అది నాకు నేదు."

కానీ బావ లేని డేరాలో రీలు చచ్చిపోయింది. బొద్దుమనిషి ఎగిరేవాడు, జనం ఆవలించేవారు. అర్థం కాని భాషలో ఆ రీలు ఇన్నేళ్లు ఆడిందంటే అది బావ నోటి చలవేనని అప్పటికి తెలిసింది. చివరికి షావుకారే మా అప్ప ఇంటికి వచ్చి, చేతులు పట్టుకుని, "నువ్వు లేకపోతే ఆడు ఎగరతన్నట్టే లేదు, రా బాబూ" అని బతిమాలి, అందరూ చూస్తుండగా బావని లోపలికి నడిపించుకుపోయాడు.

రాయడం రాశాను గానీ, షావుకారు రాలేదు. ఎవరూ బతిమాలలేదు. అది నేను కల్పించింది. పోయిన మనిషిని కాగితం మీదైనా డేరా లోపల కూచోబెడదామనిపించింది. బావ మళ్లీ ఎప్పుడూ డేరా గుమ్మం దాటలేదు. చీర కట్టిన మర్నాటి నుంచి డేరా వెనక, గుడ్డకి వీపు పెట్టుకుని గొంతుక్కూచునేవాడు. లోపలి చప్పుళ్లు విని, ఇప్పుడు ఎగిరాడు, ఇప్పుడు దిగాడు అని చెబుతూ, అడగవలసినవన్నీ పక్కన కట్టేసిన ఎడ్లని అడిగేవాడు. మూడో రోజుకి ఆయన పక్కన గుడ్డ అంచు లేచి ఓ తల బయటికొచ్చింది. తరవాత ఇంకోటి. కొన్నాళ్లకి డేరా ఆ వైపంతా వరసగా తలకాయలే, గడ్డాలు ఇసుకలో ఆనించి, బావ కేసి చూస్తూ. టిక్కెట్టు కొన్న కాళ్లు మాత్రం లోపల చాపుకుని ఉండేవి. తెర మీద బొద్దుమనిషి ఎవరూ చూడకుండా ఇల్లెత్తుతూ ఉండేవాడు.