ఆమె పేపర్లో నేను రాసిన ఉత్తరం

వయోజన విద్యలో ఉత్తమ బోధకురాలినని నాకు శాలువా కప్పారు. మెమెంటో, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇంటికొచ్చిన చుట్టాలు వాటిని చూసి మెచ్చుకుంటే ఒళ్ళు మండిపోతుంది. అవి ఎలా వచ్చాయో నాకు కాక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళకి మాత్రమే తెలుసు. ఇన్నాళ్ళూ దాన్ని కడుపులో దాచుకుని తిరిగాను. ఇక ఓపిక లేదు.

నల్లపాడు అవతల, మిర్చి కోల్డ్ స్టోరేజీల వెనక, ఒక రేకుల షెడ్డులో మా కేంద్రం నడిచేది. వచ్చేవాళ్ళంతా మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు. పగలంతా కాయల కుప్ప ముందు కూర్చుని, సాయంత్రం చేతులకి కొబ్బరినూనె రాసుకుని వచ్చేవారు. పెన్సిలు పట్టుకుంటే వేళ్ళు మండేవి. వాళ్ళ చీరల్లోంచి వచ్చే ఘాటుకి నేనూ తుమ్ముతూనే పాఠం చెప్పేదాన్ని. సంతకం రాగానే సగంమంది మానేసేవారు. "సంతకం వచ్చేసిందిగా టీచర్‌గారూ, ఇంకేం జేసుకుంటాం?" అనేవారు. మళ్ళీ కొత్తవాళ్ళు, మళ్ళీ మొదటి పాఠం. ఏళ్ళ తరబడి అదే. తల ప్రాణం తోకకొచ్చేది.

ఒకామె మాత్రం మానలేదు. నలభై దాటిన మనిషి, గట్టి నోరు. మొదటిరోజే నా ముందు చతికిలబడి, "నాకు సంతకం అక్కర్లేదండి. ఉత్తరం రాయడం నేర్పండి" అంది. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటే తల్లీ, ఫోన్లుండగా, అని నవ్వాను. ఆమె నవ్వలేదు.

కథంతా మెల్లగా చెప్పింది. పెదకాకానిలో ఒక అక్క ఉంది. చిన్నప్పుడు అక్కని బడికి పంపి, ఈమెని పొలానికి పంపారు. తల్లి మంచాన పడితే చూసుకున్నది ఈమే. అక్కకి కబురు పెడితే పదకొండు రోజులు రాలేదట. తల్లి పోయాక వచ్చి అందరికన్నా పెద్దగా ఏడ్చిందట. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఫోన్ జేస్తే అరుచుకుంటామండి. అది నన్ను మాట్లాడనివ్వదు. కాగితం మీదైతే నేను చెప్పేదంతా చదవాల్సిందే గదా, మధ్యలో నోరెత్తడానికి లేదు" అంది.

రెండేళ్ళు పట్టింది. మందుబిళ్ళల అట్టలు చదివేది, కోల్డ్ స్టోరేజీ గోడల మీద రాతలు చదివేది, నేను తప్పు రాస్తే పట్టుకునేది. నిజం చెప్పాలంటే, నా పాఠం నిలబడింది ఆమె ఒక్కతె దగ్గరే.

ఆ ఏడాది జిల్లాలో ఉత్తమ బోధకులకి బహుమతి అన్నారు. షరతు ఒకటే, పేర్లు రాయించుకున్నవాళ్ళంతా పరీక్ష రాయాలి. పరీక్ష ఎప్పుడు పెట్టారు? సరిగ్గా మిర్చి యార్డుకి కాయ పోటెత్తే రోజుల్లో! తేదీలు వేసేవాళ్ళు ఎప్పుడైనా ఒక తొడిమ తుంచి ఉంటేగా. ఆ ఉదయం ఏడుగురు రాలేదు. వాళ్ళలో ఆమె ఒకతె. "కాయకి చెమ్మ తగిలిందంట, ఇయ్యాళే తీసెయ్యాలంట, మేస్త్రీ లేవనివ్వట్లా" అని కబురు పంపింది.

రానివాళ్ళ పేపర్లు మేమే రాసేస్తాం. నాకు తెలిసిన బోధకులంతా చేసే పనే ఇది. ఎడం చేత్తో రాస్తే కొత్తగా నేర్చుకున్నవాళ్ళ రాతలా ఉంటుంది. అలా ఆరు పేపర్లు రాశాను. ఆమెది మాత్రం కుడి చేత్తో రాశాను, ఆమె రాత అంత బాగుంటుంది మరి. చివరి ప్రశ్న, మీవాళ్ళకి ఒక ఉత్తరం రాయండి.

అక్కకే రాశాను. చదువుతో మనిషి మారిపోయిందంటే ఆఫీసర్లకి మహా ఇష్టం. "అక్కా, తప్పంతా నాదే. చదువు లేక మూర్ఖంగా పోట్లాడాను. అక్షరం వచ్చాక బుద్ధి వచ్చింది. నన్ను క్షమించు" అని రాసి, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. నా మొహం!

సభ మంగళగిరిలో పెట్టారు. ఆమెని వెంటబెట్టుకెళ్ళాను. పేపరు సంగతి ఆమెకి చెప్పలేదు, చెప్పాలని కూడా తోచలేదు. నాకు శాలువా కప్పాక ఆఫీసరుగారు ఒక కాగితం తీసి, ఇలాంటి ఉత్తరం తన ఉద్యోగంలో చూడలేదంటూ ఆమెని వేదిక మీదకి పిలిచారు. ఆ ఉత్తరమే మైకులో చదివారు.

"ఇది రాసింది మీరేనా అమ్మా?" అని అడిగారు.

ఆమె నా వంక చూసింది, శాలువా వంక చూసింది. "అవునండి. నేనే రాశా" అంది.

చప్పట్లు మోగిపోయాయి. ఎవరో ఫోన్లో వీడియో తీశారు. నేను శాలువా కప్పుకుని అలాగే నిలబడ్డాను.

తిరుగు బస్సులో నా పక్కనే కూర్చుంది. బస్సు కదిలాక అడిగింది, "మా అమ్మ పదకొండు రోజులు గుమ్మం వంక చూసిందండి. తప్పు నాదా?"

"మరి నువ్వే రాశానని ఎందుకన్నావు?"

"లేదంటే ఆ శాలువా లాక్కునేవాళ్ళు గదండీ."

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

నాలుగు రోజులకి ఆ వీడియో పెదకాకాని చేరింది. అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆమె దాన్ని షెడ్డులో నాకు వినిపించింది. "ఇన్నేళ్ళకి ఒప్పుకున్నావు, సంతోషమే. పెద్దదాన్ని, క్షమించేశాలే. ఆదివారం వస్తన్నా." ఆ గొంతులో గెలుపు వినిపించింది.

మర్నాడు ఆమె ఒక కాగితం తెచ్చింది. "పోస్టాఫీసు మీ దారేగా, వెయ్యండి" అంది. చదవమంది, చదివాను. తల్లి మంచం దగ్గర గడిచిన పదకొండు రోజులూ రోజుకో మాట చొప్పున రాసింది. చివర ఇలా ఉంది. "వస్తే రా, అన్నం పెడతా. కానీ తప్పు నాది కాదు. ఆ రోజు మైకులో చదివింది నేను భయపడి రాసిన అబద్ధం."

నా అబద్ధాన్ని కూడా తన నెత్తినే వేసుకుంది! ఆ వాక్యం కొట్టేద్దామని పెన్ను తీశాను. చెయ్యి ఆగిపోయింది. ఆమె కాగితం మీద ఇంకొక్క అక్షరం పెట్టే హక్కు నాకు లేదు. వేరే కాగితం తీసుకుని రాశాను. "అమ్మా, మైకులో చదివిన ఉత్తరం మీ చెల్లెలిది కాదు. ఆమె ఆ రోజు పరీక్షకే రాలేదు. ఆ మాటలు రాసింది నేను." కింద నా సంతకం పెట్టాను.

ఆమె దాన్ని ఎక్కడా ఆగకుండా గడగడా చదివేసింది. చదివి కంగారుపడింది. "ఇది మా అక్క పైవాళ్ళకి చూపిస్తే మిమ్మల్ని తీసేస్తారండి! మరి నాకు పాఠం ఎవరు చెప్తారు?"

రెండు కాగితాలూ ఒకే కవరులో పెట్టి అంటించాను. నాకు ఏడుపొచ్చేసింది.

"నీకు చెప్పాల్సింది ఇంకేం లేదే తల్లీ," అన్నాను. "నా దగ్గరున్నదంతా అయిపోయింది."