మా పింకిని కాకి ముట్టినప్పుడు...

మా చిన్నప్పుడు... ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వరండా గచ్చు మీద రక్తం చుక్కలు. మా కుక్క పింకి తలుపు పక్కన ముడుచుకుని పడుకుని వెనక భాగం నాక్కుంటోంది. ఎవరైనా రాయితో కొట్టారో, ఏ బ్లేడు ముక్కైనా మింగిందో అనుకున్నాను.

ఎవరికీ చెప్పకుండా పాత గుడ్డతో చుక్కలన్నీ తుడిచేశాను. గోదావరిఖనిలో బొగ్గు గని కంపెనీ క్వార్టర్ మాది, రెండే గదులు. పింకిని తెచ్చుకున్న రోజే మా బాపు తెగేసి చెప్పాడు. "ఆడకుక్క ఇది. పిల్లల్ని పెట్టిందంటె గోదారి బ్రిడ్జి దాటించి జైపూర్ దిక్కు ఇడిసిపెట్టొస్త. మళ్ల ఏడ్వద్దు." పిల్లల్ని పెడితేనే ఉంచనన్నవాడు, జబ్బు కుక్కను ఉంచుతాడా అని నా భయం.

తుడిస్తే ఆగేదా అది... బాపు వాళ్ల అమ్మ, మా అవ్వ, చూడనే చూసింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. దాన్ని కాకి ముట్టింది."

కాకి ముట్టడం నాకు తెలుసు. అమ్మను కూడా నెలనెలా ముట్టేది. అప్పుడు అమ్మ వెనక వాకిట్లో చాప వేసుకుని వేరుగా కూర్చునేది, వంట అవ్వ చేసేది. ఎందుకని అడిగితే "పో, ఆడుకో పో" అని తరిమేవాళ్లు. పింకికీ అదే మర్యాద జరిగింది. వెనక వాకిట్లో ఒక గోనె పట్టా, వేరే సత్తు గిన్నె, మెడకు తాడు... నేనేమో కట్టె పట్టుకుని కాకుల్ని తోలుతూ కాపలా కూర్చున్నాను. మళ్లీ ముడితే చచ్చిపోతుందేమోనని.

కాకుల్ని తోలాను గానీ కుక్కల్ని తోలలేకపోయాను. ఎక్కడెక్కడి మగకుక్కలో వచ్చి మా గేటు ముందే చేరాయి. ఒకటే కొట్లాట, ఒకటే మొరుగుడు. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునే బాపుకు కంటి మీద కునుకు లేదు. "ఏందిది, ఇల్లా సంతా" అంటూ లేచినప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోయేవి.

ఐదో రోజు నీళ్లు పోసి విడిచేద్దామని అవ్వ లెక్క. అమ్మకు అంతే కదా మరి... కానీ పింకికి చుక్కలు ఆగలేదు. అవ్వ ఓపిగ్గా ఇంకో వారం దాకా చూసింది. ఎరుపు వెలిసి నీళ్లలా అయ్యాక దానికి పసుపు నీళ్లు పోసి, "ఇగ అయిపోయింది" అని తాడు విప్పింది. పింకి ఒళ్లు దులుపుకుని గేటు సందులోంచి దూరి పోయింది. దాని వెనకే కుక్కల గుంపు.

ఆ పూట ఇంటికి రాలేదు. మర్నాడు ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల దగ్గర దొరికింది, చెవి చీరుకుపోయి.  బాపు నన్ను స్కూటర్ ఎక్కించి, దాన్ని నా ఒళ్లో పెట్టి పశువుల దవాఖానకు తీసుకెళ్లాడు.  

చెవికి కుట్లు వేస్తూ డాక్టరు అడిగాడు, రక్తం ఎప్పటి నుంచి పోతోందని. బాపు నేల చూపులు చూశాడు. నేనే కాకి సంగతి మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు.

"కాకి ఏం చెయ్యలేదమ్మా. ఆడకుక్క ఎదిగినంక ఏడాదికి రెండుసార్లు గిట్లయితది. రోగం కాదు. మూడు వారాలు కట్టేసి ఉంచాలె. రక్తం తగ్గి పలచగయినప్పుడే కడుపు నిలుస్తది. మీరు సరిగ్గ అప్పుడే ఇడిసిపెట్టిండ్రు."

ఇక అక్కడి నుంచి నాకు నిద్ర లేదు. రోజూ దాని పొట్ట తడిమి చూడటమే పని... నిన్నటి కంటే పెరిగిందా, లేక అన్నం ఎక్కువ తిన్నదా? బాపు స్కూటర్ చప్పుడైతే చాలు, పరుగెత్తుకెళ్లి పింకిని పట్టుకునేదాన్ని. చివరికి ఎవరికీ అనుమానం లేనంతగా పొట్ట కిందికి జారింది. ఒక పొద్దున బాపు ఖాళీ బియ్యం సంచి దులిపాడు. పింకిని అందులో వేసి బ్రిడ్జి దాటించడానికే.

అవ్వ వెళ్లి గేటుకు అడ్డంగా కూర్చుంది.

"దాని తప్పేమున్నదిరా? తాడు ఇప్పింది నేను. దాన్ని బ్రిడ్జి దాటించేదుంటె నన్ను గూడ దాటించు."

 బాపు సంచి అక్కడే పడేసి డ్యూటీకి వెళ్లిపోయాడు.

పింకి పెట్టిన పిల్లల్ని బాపుతో పనిచేసేవాళ్లే తలా ఒకటి తీసుకుపోయారు. ఒకటైతే కమాన్‌పూర్ దాకా పోయింది. పింకి మా దగ్గరే ఉంది. ఆ తర్వాత ఎప్పుడు దానికి అలా అయినా మూడు వారాలు గేటు గడియ బాపే చూసుకునేవాడు.

రెండేళ్లకు నా వంతు వచ్చింది. అవ్వ చాప వేసింది, అమ్మ వేరే కంచం పెట్టింది. ఇద్దరూ ఏమీ చెప్పలేదు... నేను మాత్రం భయపడలేదు.

ఇప్పుడు అవ్వ లేదు, పింకి లేదు, ఆ క్వార్టర్లో ఎవరుంటున్నారో తెలియదు. ఈ కాలం పిల్లలకు బడిలోనే అన్నీ చెబుతున్నారు, ఎంత మంచిదో... మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లుండి కూడా, "రోగం కాదు" అన్న ఆ ఒక్క మాట నేను విన్నది పశువుల దవాఖానలో.

మీకు ఎవరు చెప్పారు?